ఫైర్ డోర్ అంటే నిప్పుల తలుపా? ఇంగ్లీషు జంట మాటల అర్థం తేల్చడం ఎలా?

అంబత్తూరు సేఫ్టీ:

అందరికీ నమస్కారం. నేను చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామికవాడలో, వాహనాల విడిభాగాలు తయారుచేసే ఒక కర్మాగారంలో, భద్రతా విభాగంలో పనిచేస్తున్నాను. మా దగ్గర కాంట్రాక్టు మీద పనిచేసేవారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చినవారు చాలామంది ఉన్నారు. గోడల మీది సూచనలన్నీ ఇప్పటిదాకా ఇంగ్లీషులోనూ తమిళంలోనూ మాత్రమే ఉన్నాయి. ఏప్రిల్ 14న మొదలయ్యే అగ్నిమాపక వారోత్సవాలలోగా వాటిని తెలుగులో కూడా రాయించమని యాజమాన్యం ఆ పనిని నాకు అప్పగించింది. విభాగంలో తెలుగు చదవగలిగినవాడిని నేనొక్కడినే కావడమే అందుకు కారణం.

పనిలోకి దిగాక తెలిసిందేమిటంటే, పొడుగు వాక్యాలు ఏమీ ఇబ్బంది పెట్టడం లేదు, ఇబ్బందంతా రెండేసి మాటల దగ్గరే వస్తున్నది. ఫైర్ డోర్, ఫైర్ ఎగ్జిట్, ఫైర్ వాచ్, హాట్ వర్క్, లైవ్ వైర్, డెడ్ ఎండ్, వెట్ రైజర్, టూల్‌బాక్స్ టాక్, నియర్ మిస్, అసెంబ్లీ పాయింట్. వీటిలో విడివిడిగా ఏ మాటా కొత్తది కాదు. రెండూ పక్కపక్కన చేరేసరికి మాత్రం తెలిసిన మాటలే తెలియనివైపోతున్నాయి. ఒక ఏజెన్సీవారు కంప్యూటరు చేత చేయించి పంపిన తెలుగు ప్రతిలో 'అగ్ని తలుపు', 'వేడి పని', 'ప్రత్యక్ష తీగ', 'చనిపోయిన ముగింపు' అని ఉన్నాయి. ఆఖరుదాన్ని గోడ మీద రాస్తే రాత్రి షిఫ్టుకు ఎవరూ రారు.

అసెంబ్లీ పాయింటు సంగతి మరీ విచిత్రమైనది. క్రిందటి డ్రిల్లులో గంట మోగగానే అందరూ గేటు పక్కన వేపచెట్టు కిందికి చేరవలసి ఉండగా, కొందరు తిన్నగా రెండో షెడ్డులోని అసెంబ్లీ విభాగానికి, అంటే విడిభాగాలను బిగించే చోటికి, వెళ్లి వరుసలో నిలబడ్డారు. అడిగితే, 'అసెంబ్లీ దగ్గరికి రమ్మన్నారు గదా సార్' అన్నారు. అందులో వారి పొరపాటు ఏమీ లేదు.

ఇటువంటి జంట మాటలకు అర్థం తేల్చుకోవడానికి ఏదైనా పద్ధతి ఉన్నదా, లేక ఒక్కొక్కదాన్నీ బట్టీ పట్టవలసిందేనా? తెలిసినవారు చెప్పగలరు.

మైలాపూరు పంతులు:

మీరు వెతుకుతున్న పద్ధతిని మనమంతా బడిలోనే నేర్చుకుని, పరీక్ష కాగానే అటకెక్కించాము. అది సమాస ప్రకరణం. రెండు పదాలు కలిసి ఒక్కటైనప్పుడు వాటి నడుమ ఉండవలసిన విభక్తి లోపిస్తుంది. లోపించినదాన్ని తిరిగి పలికితే వచ్చేదే విగ్రహవాక్యం. కత్తిపోటు అంటే కత్తితో పోటు, దొంగభయం అంటే దొంగ వలన భయం, పూజాద్రవ్యం అంటే పూజ కొరకు ద్రవ్యం. ఇంగ్లీషులో కూడా జరిగేది ఇదే. ఫైర్‌వుడ్ నిప్పు కొరకు కట్టె, ఫైర్‌ప్లేస్ నిప్పు ఉండే చోటు, ఫైర్ ఎగ్జిట్ నిప్పు నుంచి తప్పించుకునే దారి. మాట ఒకటే అయినా విభక్తి మారుతున్నదని గమనించండి.

ఇంకొక అనుకూలత ఏమిటంటే, తెలుగులోలాగే ఇంగ్లీషులో కూడా చివరి పదమే సాధారణంగా ప్రధానం. హౌస్‌బోట్ ఒక పడవ, బోట్‌హౌస్ ఒక ఇల్లు. ఎంత పొడుగు మాటల వరుస వచ్చినా కుడి చివర నుంచి మొదలుపెట్టి ఎడమకు రండి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఇన్‌స్పెక్షన్ రిజిస్టర్ అన్నప్పుడు అది ముందుగా ఒక పుస్తకం, తరువాత తనిఖీ పుస్తకం, ఆ తరువాతే దేని తనిఖీ అన్న ప్రశ్న. చివరి పదం ప్రధానం కానప్పుడు అది బహువ్రీహి. ముక్కంటి అంటే కన్ను కాదు, మూడు కన్నులు కలవాడు. అలాగే రెడ్‌హెడ్ అంటే తల కాదు, ఎర్రని జుట్టు కల మనిషి. పేపర్‌బ్యాక్ అంటే వీపు కాదు, కాగితపు అట్ట గల పుస్తకం. ఇంగ్లీషువారి భాషాశాస్త్ర గ్రంథాలలో సైతం తత్పురుష, బహువ్రీహి, ద్వంద్వం అనే మన పేర్లే నేటికీ వాడుకలో ఉన్నాయి.

ఇక 'అగ్నితలుపు' అని మాత్రం దయచేసి రాయించకండి. సంస్కృత పదాన్ని అచ్చ తెలుగు పదంతో ముడిపెట్టిన దుష్ట సమాసం అది.

ఆవడి పాఠకుడు:

పంతులుగారి మీది గౌరవంతోనే కొంత విభేదిస్తున్నాను. 'అగ్నితలుపు'తో వచ్చిన చిక్కు దుష్ట సమాసం కావడం కాదు. దాన్ని 'అగ్నిద్వారం' అని శుద్ధి చేసినా, చదివినవాడు నిప్పుతో చేసిన తలుపు అనో నరకానికి దారి అనో అనుకుంటాడు.

అసలు విగ్రహవాక్యం చెప్పాలంటే ముందుగా అర్థం తెలిసి ఉండాలి. తలుపుకూ నిప్పుకూ నడుమ ఏ విభక్తి లోపించిందో ఆ రెండు మాటలను ఎంతసేపు చూసినా తెలియదు. మన వాడుకే తీసుకోండి. నువ్వుల నూనె నువ్వుల నుంచి తీసినది, తలనూనె తలకు రాసుకునేది. రెండింటి నిర్మాణమూ ఒకటే. తలనూనెను తల నుంచి పిండి తీస్తారని ఎవరూ అనుకోకపోవడానికి కారణం వ్యాకరణం కాదు, లోకజ్ఞానం. ఇంగ్లీషులో ఆలివ్ ఆయిల్, బేబీ ఆయిల్ అనేవి సరిగ్గా ఇటువంటి జోడీయే.

కొన్నింటికి లోకజ్ఞానం కూడా చాలదు, చరిత్ర కావాలి. డెడ్‌లైన్ అనే మాటను మనం రోజుకు పదిసార్లు వాడుతాము. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1864లో, జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్ యుద్ధఖైదీల శిబిరంలో, ప్రహరీకి లోపలివైపు కొద్ది దూరంలో ఒక హద్దు కంచె ఉండేది. దాన్ని దాటిన ఖైదీని కావలివాళ్లు తుపాకీతో కాల్చేవారు. డెడ్‌లైన్ అంటే ఆ హద్దే. గడువు అన్న అర్థం తరువాత పత్రికా కార్యాలయాలలో స్థిరపడింది. బ్లాక్‌మెయిల్‌లోని మెయిల్‌కు ఉత్తరాలతో ఏ సంబంధమూ లేదు. అది కప్పానికి, శిస్తుకు స్కాట్లండులో వాడిన పాత మాట. సరిహద్దు ప్రాంతాల దోపిడీ ముఠాలు 'మిమ్మల్ని దోచుకోము' అని హామీ ఇచ్చి రైతుల దగ్గర వసూలు చేసిన సొమ్ము అది. స్టెప్‌మదర్‌లోని స్టెప్‌కు మెట్టుతో సంబంధం లేదు, అయినవారిని పోగొట్టుకోవడం అన్న భావం గల ప్రాచీన పదం నుంచి వచ్చింది. స్వీట్‌మీట్‌లో మాంసం లేదు, మీట్ అంటే ఒకప్పుడు ఆహారం అని మాత్రమే అర్థం. వీటిలో వేటినైనా సమాసాల పట్టికలో పెట్టి అర్థం రాబట్టగలమా?

పెరంబూరు అనువాదకురాలు:

ఆవడి పాఠకుడుగారు చెప్పిన అడ్డంకి వాస్తవమే, కానీ ఆయన పంతులుగారి పద్ధతిని అది చేయని పనికి నిందిస్తున్నారు. విగ్రహవాక్యం అర్థాన్ని తెచ్చి ఒడిలో పెట్టదు, అడగవలసిన ప్రశ్నను అడిగిస్తుంది. 'ఈ రెండింటిలో ఏది దేన్ని ఏం చేస్తున్నది?' అన్న ప్రశ్న ఒక్కసారైనా వేసుకున్నవారు 'చనిపోయిన ముగింపు' అని రాయరు. జవాబు నిఘంటువులోనో, ఆ పని తెలిసినవారి దగ్గరో దొరుకుతుంది. ప్రశ్న వేసుకోని యంత్రానికి జవాబు పక్కనే ఉన్నా కనిపించదు. 'ప్రత్యక్ష తీగ' ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించండి. టీవీలో లైవ్ అంటే ప్రత్యక్ష ప్రసారం గనుక, తీగ కూడా ప్రత్యక్షమైపోయింది.

ఈ ప్రశ్న వేసుకున్న అనువాదకులు మనకు ఎంత మేలు చేశారో చూడండి. కోల్డ్ వార్‌ను హిందీవారు శీతయుద్ధం అన్నారు, ఇక్కడి తమిళ పత్రికలు పనిప్పోర్ అంటాయి. రెండూ చలి చుట్టూనే తిరుగుతాయి. తెలుగు పత్రికలవారు మాత్రం ఆ యుద్ధం చల్లగా ఉందా వేడిగా ఉందా అన్నది పక్కనపెట్టి, అది పైకి కనపడకుండా జరుగుతున్నదని గ్రహించి 'ప్రచ్ఛన్న యుద్ధం' అన్నారు. మాటకు మాట సరిపోలేదు, అయినా విషయం సరిపోయింది.

హంగర్ స్ట్రైక్ ఇంకా దగ్గరి ఉదాహరణ. దాన్ని ఎవరూ 'ఆకలి సమ్మె' అనలేదు, నిరాహారదీక్ష అన్నారు. ఇంగ్లీషు మాటలో పని మానేసిన కార్మికుడు ఉన్నాడు. తెలుగు మాటలో వ్రతం పట్టినవాడు ఉన్నాడు. 1952 అక్టోబరు 19న ఈ నగరంలోనే పొట్టి శ్రీరాములుగారు ఆంధ్ర రాష్ట్రం కోసం కూర్చున్నది ఆమరణ నిరాహారదీక్ష. డిసెంబరు 15న ఆయన ప్రాణాలు విడిచిన రాయపేట హైరోడ్డు ఇల్లు ఇప్పుడు స్మారక భవనం. అక్కడ 'ఆకలి సమ్మె' అని రాసి ఉంటే మనలో ఎవరమైనా సహిస్తామా?

కాబట్టి సేఫ్టీగారికి నా సలహా ఏమిటంటే, రెండు మాటలకు రెండే మాటలు వెతకాలన్న పట్టుదల వదలండి. నాలుగు మాటలైనా ఫరవాలేదు. గోడ మీది రాతను చదివేవాడు మూడు క్షణాలలో ఏం చేయాలో తెలుసుకోవాలి, అంతే.

గిండీ ఇంజనీరు:

భవనాలలో అగ్నిరక్షణ ఏర్పాట్లు చేయడం నా వృత్తి గనుక, మాటల వెనుక ఉన్న వస్తువుల గురించి చెబుతాను.

ఫైర్ డోర్ మామూలు తలుపు కాదు. మంటనూ పొగనూ అవతలి వైపే నిలిపి ఉంచేలా తయారుచేసి, పరీక్షించిన తలుపు. అరగంట, గంట, రెండు గంటలు అని దానికి ఒక కాలపరిమితి ఉంటుంది. ఎవరూ వేయకపోయినా దానంతటదే మూసుకోవాలి. గాలి ఆడడం లేదని దానికి ఇటుక అడ్డం పెట్టే మహానుభావులు ప్రతి కర్మాగారంలోనూ ఉంటారు. తెరిచి ఉన్న ఫైర్ డోర్ ఉన్నా లేనట్టే. 'అగ్ని తలుపు' అని రాస్తే ఆ ఇటుకను తీయాలన్న ఆలోచన ఎవరికీ రాదు. 'మంటను ఆపే తలుపు, ఎప్పుడూ మూసి ఉంచండి' అని రాయండి. ఫైర్ ఎగ్జిట్ సంగతి వేరు, దానికి తాళం వేయకూడదు, ఎదుట సామాను పెట్టకూడదు, లోపలి నుంచి ఎప్పుడు తోసినా తెరుచుకోవాలి. రెండింటి మీదా ఫైర్ అనే ఉంటుంది, కానీ ఒకటి మంటను ఆపడానికి, ఇంకొకటి మనుషులను పంపడానికి.

హాట్ వర్క్ అంటే వేడిలో చేసే పని కాదు. కొలిమి దగ్గర చేసే పని కూడా కాదు. వెల్డింగు, గ్యాసు కటింగు, గ్రైండింగు వంటి, నిప్పురవ్వలు లేచే పని. దానికి ముందుగా పర్మిట్ తీసుకోవాలి. 'వేడి పని' అని రాస్తే, గ్రైండరు పట్టుకున్న కుర్రవాడు 'నాది వేడి పని కాదు' అనుకుని పర్మిట్ లేకుండానే మొదలుపెడతాడు. ఎందుకంటే గ్రైండింగు అతనికి చేతికి వేడిగా తగలదు. ఫైర్ వాచ్ అనేది ఆ పని జరుగుతున్నంతసేపూ, ముగిసిన తరువాత కనీసం అరగంటా, రవ్వ ఎక్కడైనా పడి రాజుకుంటున్నదేమో చూసే మనిషి చేసే కాపలా. ఇక్కడ వాచ్ గడియారం కాదు.

రైజర్ అంటే ప్రతి అంతస్తుకూ నీళ్లు అందించే నిలువు గొట్టం. అందులో నీళ్లు ఎప్పుడూ ఒత్తిడితో నిండి ఉంటే వెట్ రైజర్. ఖాళీగా ఉండి, ఫైరింజను వచ్చి కింది నుంచి ఎక్కించవలసి ఉంటే డ్రై రైజర్. గొట్టం బయట తడిగా ఉన్నదా లేదా అన్నది ప్రశ్నే కాదు. దీన్ని తెలుగు చేయకుండా 'వెట్ రైజర్' అని తెలుగు లిపిలో ఉంచడమే నయం, దాన్ని వాడేవారికి ఆ పేరే తెలుసు. టూల్‌బాక్స్ టాక్ అంటే షిఫ్టు మొదట్లో సూపర్‌వైజరు పనివాళ్లను పోగుచేసి ఆనాటి ప్రమాదాల గురించి చెప్పే నాలుగు మాటలు. అందులో పనిముట్ల పెట్టె ప్రస్తావన ఉండనవసరం లేదు.

తాంబరం విద్యార్థిని:

నేను ఇంగ్లీషు ఎం.ఏ. చదువుతున్నాను. ఇంతవరకు ఎవరూ ప్రస్తావించని విషయం ఒకటి ఉన్నది. ఇంగ్లీషువారు ఈ జంటలను నోటితో పలికేటప్పుడు ఏ మాట మీద ఊనిక పెడతారన్నదాన్ని బట్టి అర్థం మారుతుంది. గ్రీన్ హౌస్ అన్నప్పుడు మొదటి మాటను ఒత్తి పలికితే అది మొక్కలు పెంచే గాజు గది. రెండో మాటను ఒత్తితే ఆకుపచ్చ రంగు వేసిన ఇల్లు. ఇంగ్లీష్ టీచర్‌లో మొదటిది ఒత్తితే ఇంగ్లీషు చెప్పే మాస్టారు. రెండోది ఒత్తితే ఇంగ్లండు దేశస్థుడైన మాస్టారు, ఆయన చెప్పేది లెక్కలైనా కావచ్చు. మన భాషలో ఈ ఊనికకు అర్థాన్ని మార్చే శక్తి లేదు గనుక, ఆ తేడా మన చెవికి అందదు. మనం ఆ తేడాను కలిపి రాయడంతో చూపిస్తాము. నల్లమందు అంటే అభిని, నల్ల మందు అంటే నల్లగా ఉన్న ఏ మందైనా కావచ్చు.

మీ గోడలకు పనికివచ్చే ఉదాహరణ స్మోకింగ్ రూమ్. మొదటి మాట ఒత్తితే సిగరెట్టు తాగడానికి కేటాయించిన గది, రెండోది ఒత్తితే పొగలు కక్కుతున్న గది. చిత్రమేమిటంటే, ఇటువంటి చోట తెలుగువారు తడబడనవసరం లేదు. డ్రింకింగ్ వాటర్ తాగే నీళ్లు, బాయిలింగ్ వాటర్ మరిగే నీళ్లు. మొదటిదానిలో నీళ్లు తాగవు, రెండోదానిలో నీళ్లే మరుగుతాయి. అయినా మనకు రెండింటికీ ఒకే రూపం సరిపోతున్నది. వండే మనిషి, వండే గిన్నె, వండే చోటు అని మనం అనాయాసంగా అంటాము. ఎవరు ఎవరిని వండుతున్నారని ఎవరూ అడగరు.

తెలుగు మనల్ని తప్పుదారి పట్టించే చోటు వేరే ఉన్నది, అది బహువచనం. మనం ఐదు రూపాయల నోటు, పదేళ్ల పిల్లవాడు, పళ్లపొడి, పుస్తకాల షాపు అంటాము. ఇంగ్లీషు జంటలో మొదటి మాట సాధారణంగా ఏకవచనంలోనే ఉండాలి. పళ్లు ఎన్ని ఉన్నా టూత్ పౌడర్, పుస్తకాలు ఎన్ని ఉన్నా బుక్ షాప్. 'ఫైవ్ రుపీస్ నోట్' అని మనవారు అనడానికి కారణం అజ్ఞానం కాదు, 'రూపాయల'లోని లకారం. సేఫ్టీగారి ఇంగ్లీషు బోర్డులలో 'టూ అవర్స్ ఫైర్ డోర్', 'నైన్ లీటర్స్ ఎక్స్‌టింగ్విషర్' అని ఉంటే, పనిలో పనిగా టూ అవర్, నైన్ లీటర్ అని దిద్దించండి. గూడ్స్ ట్రైన్, సేవింగ్స్ బ్యాంక్, స్పోర్ట్స్ డే వంటివి దీనికి మినహాయింపులు.

ఆవడి పాఠకుడుగారు చరిత్ర కావాలన్నారు గనుక, మన ఊరి మాట ఒకటి. ఇంగ్లీషులో రెండు దేహాలున్న పడవను కాటమరాన్ అంటారు. అది తమిళ కట్టుమరం, అంటే కట్టిన దుంగలు. మెరీనా ఒడ్డున ఏ జాలరిని అడిగినా ఆ రెండు మాటలనూ విడదీసి చెబుతాడు. ఇంగ్లీషువాడికి అది ఒక్కటే ముద్ద. దీనికి విరుద్ధంగా హ్యాండ్‌కర్చీఫ్‌లో అతుకు కనిపిస్తుంది గానీ రెండో ముక్క ఎవరికీ తెలియదు. కర్చీఫ్ అంటే పాత ఫ్రెంచిలో తల కప్పుకునే గుడ్డ. దానికి హ్యాండ్ చేరితే చేతి తలగుడ్డ, పాకెట్ కూడా చేరితే జేబు చేతి తలగుడ్డ.

ఆవడి పాఠకుడు:

అమ్మాయి చెప్పిన బహువచనం సంగతి నిజంగా పనికివచ్చే విషయం. అయితే మూడు మాటలు కలిసినప్పుడు వచ్చే తంటాను ఎవరూ తడమలేదు. యూజ్డ్ ఆయిల్ డ్రమ్ అని మా కర్మాగారంలోనూ రాసి ఉంటుంది. వాడేసినది నూనెనా, డ్రమ్మా? పంతులుగారు చెప్పినట్టు కుడి నుంచి మొదలుపెడితే అది డ్రమ్ము అని తెలుస్తుంది, నిజమే. కానీ లోపల ఏమున్నదో తెలియదు. తెలుగులో 'వాడిన నూనె డ్రమ్ము' అని రాసినా సందేహం అలాగే ఉంటుంది. ఇది మాటల సరదా కాదు, ఎందుకంటే 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలలో యూజ్డ్ ఆయిల్ అన్నదానికి ప్రత్యేక నిర్వచనం ఉన్నది. దాన్ని ఎవరికి పడితే వారికి అమ్మకూడదు. 'లోపల వాడేసిన నూనె ఉన్నది' అని విడమరిచి రాయడం తప్ప నాకు వేరే దారి కనిపించలేదు.

గిండీ ఇంజనీరు:

డ్రమ్ముల మాట వచ్చింది గనుక, ఈ చర్చ మొత్తానికి దగ్గరగా ఉన్న ఒక వ్యక్తిని గుర్తుచేయాలి. బెంజమిన్ లీ వోర్ఫ్ అనే భాషాశాస్త్రజ్ఞుడు పొట్టకూటికి చేసిన పని అగ్నిప్రమాదాల పరిశీలన. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో ఒక అగ్నిబీమా సంస్థలో ఉద్యోగి. 1897లో పుట్టి 1941లోనే చనిపోయాడు. ప్రమాదం జరిగిన చోట యంత్రాలనూ తీగలనూ పరిశీలిస్తూ పోగా, కొన్నిసార్లు ప్రమాదానికి కారణం వస్తువు కాదని, దానికి పెట్టిన పేరు అని ఆయనకు తోచింది.

ఆయన ఇచ్చిన ఉదాహరణలలో ప్రసిద్ధమైనది పెట్రోలు డ్రమ్ములది. నిండు డ్రమ్ములు ఉన్న చోట పనివాళ్లు చాలా జాగ్రత్తగా ఉండేవారు. 'ఖాళీ డ్రమ్ములు' అని రాసిన చోట సిగరెట్లు కాల్చేవారు. నిజానికి ఖాళీ డ్రమ్ములో పెట్రోలు ఆవిరి గాలితో కలిసి ఉంటుంది గనుక, పేలిపోయే ముప్పు అక్కడే ఎక్కువ. డ్రమ్ములో ద్రవం లేదన్న మాట నిజం, ఏమీ లేదన్న మాట అబద్ధం, 'ఖాళీ' అన్న ఒక్క మాట ఆ రెండింటినీ ఒకటి చేసేసింది.

రెండోది అచ్చంగా జంట మాటే. కలపను మూసి వేడిచేసి రసాయనాలు తీసే ఒక కర్మాగారంలో, లోహపు బానల చుట్టూ వేడి పోకుండా సున్నపురాయితో తయారైన ఒక పదార్థాన్ని చుట్టారు. దాని పేరు స్పన్ లైమ్‌స్టోన్. చివర స్టోన్ అని ఉన్నది గదా, రాయి కాలదు గదా అని దానికి మంట తగలకుండా ఏ జాగ్రత్తా తీసుకోలేదు. కొంతకాలం తరువాత ఒక బాన కింది మంట దానికి అంటుకుని, అందరూ నివ్వెరపోయేలా భగభగా మండింది. బానల నుంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి తగిలి, ఆ సున్నపురాయిలో కొంత కాల్షియం ఎసిటేటుగా మారిపోయింది. దాన్ని మంటలో వేడిచేస్తే ఎసిటోన్ పుడుతుంది, ఎసిటోన్ ఇట్టే అంటుకుంటుంది. పంతులుగారి సూత్రం ప్రకారం చివరి పదమే ప్రధానం. పేరు వరకు అది నిజం. నిప్పుకు ఆ సూత్రంతో పని లేదు.

ట్యాంకరు లారీల వెనుక ఉండే ఇన్‌ఫ్లేమబుల్ అన్న మాట గురించి కూడా హెచ్చరిస్తాను. ముందున్న 'ఇన్'ను చూసి కొందరు 'మండనిది' అనుకుంటారు. మండేది అనే దాని అర్థం. ఫ్లేమబుల్ అన్నా ఇన్‌ఫ్లేమబుల్ అన్నా ఒకటే. ఈ గందరగోళం వల్లనే భద్రతా రంగంవారు ఫ్లేమబుల్ వైపు మొగ్గారు. తెలుగులో 'త్వరగా అంటుకుంటుంది' అని రాస్తే ఏ పేచీ లేదు.

మైలాపూరు పంతులు:

స్పన్ లైమ్‌స్టోన్ ఉదంతం విని ఆనందించాను. సమాసం పేరుకు లక్షణం చెబుతుంది గానీ వస్తువుకు హామీ ఇవ్వదు. ఆ మాటకు వస్తే మన వేరుశనగ వేరూ కాదు, శనగా కాదు. ఆ కాయ పూత నుంచి దిగిన ఊడకు భూమిలో కాస్తుంది, వేరుకు కాదు. ఇంగ్లీషువాడు దానిని పీనట్ అని, సగం మాత్రం సరిగ్గా చెప్పాడు. పప్పుధాన్యాల జాతిదే గనుక పీ అన్నది ఒప్పు, నట్ అన్నది తప్పు. అయినా కొనేవాడు ఎవరూ మోసపోవడం లేదు.  ప్రాణం మీదికి వచ్చే చోట పేరును నమ్మకుండా విగ్రహవాక్యాన్నే గోడ మీద రాయడం మంచిదన్న పెరంబూరు అమ్మగారి అభిప్రాయంతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దుష్ట సమాసమన్న అభ్యంతరం మాత్రం వదులుకోను.

అంబత్తూరు సేఫ్టీ:

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాసినందుకు కృతజ్ఞతలు. మీ సలహాలను బట్టి చిత్తుప్రతి ఇలా తయారుచేశాను.

ఫైర్ డోర్ మీద 'మంటను ఆపే తలుపు, ఎప్పుడూ మూసి ఉంచండి' అని ఇంజనీరుగారి మాటే ఉంచాను. ఫైర్ ఎగ్జిట్‌కు 'మంటలు లేస్తే ఇటు నుంచి బయటికి, అడ్డం ఏమీ పెట్టకండి' అని, హాట్ వర్క్‌కు 'నిప్పురవ్వలు లేచే పని, పర్మిట్ లేనిదే మొదలుపెట్టకండి' అని, దాని కిందనే 'వెల్డింగు, కటింగు, గ్రైండింగు' అని పేర్లతో సహా రాశాను. లైవ్ వైర్‌కు 'కరెంటు ఉన్న తీగ, ముట్టుకోకండి', డెడ్ ఎండ్‌కు 'ఇటు దారి లేదు'. ఫైర్ వాచ్ అన్నది కాపలా మనిషి జాకెట్టు మీద ఉండాలి గనుక పొట్టిగా 'నిప్పు కాపలా' అన్నాను. వెట్ రైజర్‌ను అలాగే వదిలేశాను. అసెంబ్లీ పాయింట్ అన్న మాటను తెలుగులో పూర్తిగా తీసేసి, 'గంట మోగితే అందరూ చేరవలసిన చోటు' అని రాసి వేపచెట్టుకు తగిలిస్తున్నాము. లోపలి బోర్డులలో 'గేటు పక్కన వేపచెట్టు' అని బాణం గుర్తుతో ఉంటుంది. డ్రమ్ముల గోదాము మీద 'ఖాళీ డ్రమ్ములోనూ ఆవిరి ఉంటుంది, పేలవచ్చు' అన్న వాక్యాన్ని తమిళంలోనూ చేర్చమని అడిగాను, అక్కడ కూడా ఇప్పటిదాకా 'ఖాళీ' అన్న ఒక్క మాటే ఉన్నది.

మిగిలినది నియర్ మిస్ ఒక్కటే. క్రేను కొక్కెం నుంచి జారిన సామాను మనిషి పక్కన పడి, దెబ్బ తగలకుండా పోయినప్పుడు రాసే రిజిస్టరు పేరు అది. యంత్రం దాన్ని 'దగ్గర తప్పు' అన్నది. 'తప్పు' అన్న మాట ఉన్న పుస్తకంలో ఎవరూ తమ పేరు రాయరు, జీతం కోస్తారని భయపడతారు.

పెరంబూరు అనువాదకురాలు:

'తప్పిన ముప్పు' అనండి. ముప్పు తప్పింది అని మన ఇళ్లలో రోజూ అనుకునేదే. ఇంగ్లీషు మాటలో ఉన్న చిక్కు కూడా ఇందులో లేదు. నియర్ మిస్ అంటే దాదాపు తప్పిందా, దగ్గరగా వచ్చి తప్పిందా అని ఇంగ్లీషువారే వాదించుకుంటూ ఉంటారు. దగ్గరగా వచ్చి తప్పిపోవడం అన్నదే దాని అర్థం.

ఆవడి పాఠకుడు:

పేరు బాగున్నది. అయినా భయం పోదు. పేరు కింద 'ఎవరికీ దెబ్బ తగలకపోయినా రాయండి, రాసినవారి మీద చర్య ఉండదు' అని యాజమాన్యం సంతకంతో వేయించండి. సంతకం లేకపోతే ఆ రెండో సగం రాయకపోవడమే మేలు.

అంబత్తూరు సేఫ్టీ:

సంతకానికి ఫైలు పంపాను. అది తిరిగి వచ్చాకే రిజిస్టరు అట్ట అచ్చుకు ఇస్తాను. మిగిలిన బోర్డులు సోమవారం పాడి అనే పేటలోని పెయింటరుకు వెళుతున్నాయి. ఆయనకు తెలుగు రాదు గనుక, అక్షరాలను పెద్దగా రాసిన కాగితాలు ఇస్తున్నాను, గోడకు ఎక్కించే ముందు ఒక్కొక్కదాన్నీ దగ్గరుండి సరిచూసుకుంటాను.